పడక మేస్త్రీకి చాలని పెరడు

టేపు పెట్టి కొలిచాడు. అడుగులేసి కొలిచాడు. నమ్మకం చాలక గోడవారగా నిలబడి, ఒంటికన్ను మూసుకుని, చూపుతో కూడా కొలిచాడు. ఎటునుంచి కొలిచినా కూతురింటి పెరడు జానెడైనా పెరగలేదు.

వంటగది కిటికీలోంచి కూతురు చూస్తూనే ఉంది. ఏమీ అడగలేదు. అడగకపోవడమే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆయన్ని అందరూ పడక మేస్త్రీ అంటారు. ఆ పేరు విని మంచాలు చేయించుకోవడానికి వచ్చిన వాళ్ళు కూడా ఉన్నారు. ఆయన పని మంచాలు కాదు, నేలలో గొట్టాలు పరచడం. మనిషి నిలువు లోతుకు పోతే మట్టికి ఋతువులు అంతగా పట్టవు. పైన నీళ్ళు గడ్డకట్టినా, రోడ్డు మీద తారు కరిగినా, కింద మట్టి మాత్రం ఎవరి మంచీ చెడ్డా పట్టని పెద్దమనిషిలా ఒక్క తీరుగా ఉంటుంది. అక్కడ నల్లటి ప్లాస్టిక్ గొట్టం పరిచి అందులో నీళ్ళు తిప్పితే, చలికాలంలో ఆ నీళ్ళు మట్టిలోని వెచ్చదనాన్ని ఇంట్లో ఉన్న యంత్రానికి మోసుకొస్తాయి. ఎండాకాలంలో ఇంట్లో వేడిని తీసుకెళ్ళి మట్టికి అప్పజెప్తాయి. ఉన్నదంతా అంతే. గొట్టం పరిచే తీరులో మాత్రం రకాలున్నాయి. పొడుగాటి కందకాలు తవ్వి అడ్డంగా పరిస్తే అది పడక. చోటు కాస్త తక్కువైతే గొట్టాన్ని ఉంగరాలుగా తిప్పి, ఒకదాని మీద ఒకటి ఒరిగేలా పరిచేది చుట్టల పడక. పక్కన చెరువుంటే నీళ్ళలో ముంచేది చెరువు పడక. ఈ మూడూ ఆయన చేతిలోవి. నాలుగోది నిలువు, అంటే బోరు వేసి పాతాళానికి గొట్టం దించడం. దాని పేరెత్తితే ఆయన ముఖం ఆముదం తాగినట్టు అయ్యేది.

నిలువు పని ఆయన బావమరిదిది.

పెరట్లోంచి లోపలికొచ్చి చేతులు కడుక్కుని కూర్చున్నాడు. కూతురు అన్నం పెట్టింది. అల్లుడు కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పనిచేస్తాడు. మామగారి ముందు మాట్లాడాల్సి వస్తుందేమోనని ఆ పూట కూడా పనికి తొందరగా వెళ్ళిపోయాడు. ఇల్లు కొని ఇద్దరూ దిగి నెల తిరగలేదు. గోడలకి ఇంకా కొత్త సున్నం వాసన పోలేదు. చలి దిగేలోపల నేల పని అయిపోవాలి. ఆ పని ఎవరిదన్నదే తేలాలి.

"మావయ్యని పిలిచాను నాన్నా," అంది కూతురు, కూర వడ్డిస్తూ.

మేస్త్రీ ముద్ద నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు. తను ఇంకా చచ్చిపోలేదన్నాడు. చుట్టలు దగ్గర దగ్గరగా వేస్తే చోటు సరిపోతుందన్నాడు. గోడ దాకా తవ్వుతానన్నాడు, అవసరమైతే బాత్రూము కింద నుంచి తవ్వుతానన్నాడు. కూతురు అన్నీ విని, ఆయన గ్లాసులో నీళ్ళు పోసింది.

"మీరు వద్దంటే మావయ్యని రావద్దంటాను. కానీ సరిపోతుందని మీరు ఇక్కడ కూర్చుని చెప్పడం కాదు. పెరట్లో నిలబడి, పెరడు చూస్తూ చెప్పండి. వేయించుకుంటాను."

తల్లి పోలిక అనుకున్నాడు మేస్త్రీ. పోట్లాడే మనిషితో ఎంతసేపైనా పోట్లాడవచ్చు. ఒప్పుకునే మనిషితో ఏం పోట్లాడతాం?

ఆయన భయం ఆయనకు తెలియనిది కాదు. చాలీచాలని నేలలో గొట్టం కుక్కితే మొదటి నెలలు బాగానే ఉంటుంది. గొట్టం చుట్టూ ఉన్న మట్టి తన దగ్గరున్న వెచ్చదనమంతా ఇచ్చేస్తుంది. తరువాత ఇవ్వడానికి ఏమీ ఉండదు. చలి ముదిరే వేళకు గొట్టాన్ని అంటుకుని మట్టి గడ్డకడుతుంది, ఇంట్లో యంత్రం మూలుగుతుంది, గదులు చల్లబడతాయి. పిండిన బట్టను మళ్ళీ పిండినట్టే. అదంతా తెలుసు. తెలిసినా నోటితో అనడానికి ప్రాణం ఒప్పడం లేదు. ఎందుకంటే ఈ కూతురు చంటిపిల్లగా ఉన్నప్పుడు, విప్పని గొట్టం చుట్ట మధ్యలో దుప్పటి పరిచి ఆమెను అందులో పడుకోబెట్టి పని చేసుకున్నవాడు ఆయన. కాస్త మాటలు వచ్చాక, ఇది ఎవరింటికి నాన్నా, అది ఎవరింటికి నాన్నా అని అడిగేది. నీ ఇంటికి కూడా నేనే వేస్తానమ్మా అనేవాడు. ఆయన జీవితంలో ఇచ్చిన మాటలు చాలా తక్కువ. చదువు మధ్యలో మానేసిన వాడి మాట ఎవరికి కావాలి గనక? అడిగి పుచ్చుకున్నది ఈ పిల్ల ఒక్కతే.

ఇంటికి చేరేసరికి భార్యకు కబురు ముందే అందింది. తల్లీ కూతుళ్ళ మధ్య ఫోనుకు కునుకుండదు.

"కాంపౌండరు వస్తున్నాడటగా," అన్నాడు మేస్త్రీ చెప్పులు విప్పుతూ.

కాంపౌండరంటే బావమరిది. ఆ పేరు పెట్టింది మేస్త్రీయే. నేలకు ఇంజెక్షన్లు పొడిచేవాడని.

"వాడికో పేరు పెట్టారు, మీకో పేరుంది. అసలు పేర్లు నాకు తప్ప ఎవరికీ గుర్తులేవు," అంది ఆమె. "ఎనిమిదేళ్ళుగా మీ ఇద్దరి మాటలూ నా నోట్లోంచే పోతున్నాయి. వాడన్నది మీకు చెప్పి, మీరన్నది వాడికి చెప్పి నా నోరు గంజిలో ముంచిన గుడ్డలా అయింది. ఈసారి నేను చెప్పను. మీరే తేల్చుకోండి."

ఆమె నిజానికి అబద్ధం చెబుతోంది. ఇద్దరి మాటలూ ఆమె ఎప్పుడూ ఉన్నవి ఉన్నట్టు చేరవేయలేదు. దారిలో తిట్లు ఏరి పారేసి, మిగిలిన దాన్ని కాస్త కడిగి ఇచ్చేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే ఇంకా పెద్ద తిట్లు పంపేవాళ్ళు.

ఆ రోజు మేస్త్రీ వరండాలో కూర్చుని చాలాసేపు ఏమీ చేయలేదు. చేయకపోతే పాతవి వచ్చి మీద కూర్చుంటాయని ఆయనకు తెలుసు. వచ్చి కూర్చున్నాయి.

పెళ్ళైన కొత్తలో బావమరిది నూనూగు మీసాల కుర్రాడు. అక్కను దిగబెట్టడానికి వచ్చి, బావ తవ్వుతున్న కందకం చూసి, చొక్కా విప్పి అందులోకి దిగినవాడు మళ్ళీ పైకి రాలేదు. ఇద్దరూ కలిసి వేసిన మొదటి పడక మేస్త్రీ ఇంటిదే. ఎర్రటి ఎండలో గొట్టం పరిచి, అతుకులు కాల్చి అంటించి, గాలి నింపి, ఒత్తిడి చూపే గేజి బిగించి, మర్నాడు చూద్దామని వదిలేశారు. తెల్లారి చూస్తే ముల్లు పడిపోయి ఉంది. ఎక్కడో కారుతోందని ఇద్దరికీ గుండె జారింది. పూడ్చిన కందకాన్ని మళ్ళీ తవ్వారు. ప్రతి అతుకు మీదా సబ్బునీళ్ళు పోసి బుడగల కోసం పిల్లుల్లా కాచుకున్నారు. ఎక్కడా బుడగ లేదు. మొత్తం తవ్వి, మధ్యాహ్నానికి అలిసి గట్టున కూలబడి చూస్తే, ముల్లు తనంతట తానే ఎక్కి నిన్నటి చోట కూర్చుని ఉంది. ఎండకు వేడెక్కిన గాలి ఉబ్బుతుందని, చలికి చల్లబడితే ముడుచుకుంటుందని, కారడం కాదని అప్పుడు తెలిసింది. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళైనా నయం, వాళ్ళకు ఎలుక దొరికింది. ఇద్దరూ మట్టికొట్టుకుపోయిన మొహాలు ఒకరివి ఒకరు చూసుకుని కడుపు పట్టుకుని నవ్వారు. అన్నం తెచ్చిన భార్య, ఇద్దరికీ ఎండదెబ్బ తగిలిందనుకుని నెత్తిన నీళ్ళు కుమ్మరించింది.

చలికాలంలో ఆ కందకాల్లోనే భోజనం చేసేవాళ్ళు. పైన గాలి చెవులు కోస్తుంటే కింద మట్టి గోడల మధ్య కూర్చుంటే దుప్పటి కప్పుకున్నట్టుండేది. బావమరిది తిన్న వెంటనే అక్కడే ఒరిగి గుర్రు పెట్టేవాడు. మేస్త్రీ వాడిని లేపడానికి మట్టిబెడ్డ చేతిలోకి తీసుకుని, పోనీలే అని ఇంకాసేపు ఆగేవాడు.

ఇక చెరువు పడక ఉందే, అది వేసిన రోజులు పండగ కంటే ఎక్కువ. ఒడ్డున గొట్టాన్ని చుట్టలు చుట్టలుగా తెప్పలా కట్టేవాళ్ళు. గొట్టం నిండా గాలే గనక ఆ తెప్ప హాయిగా తేలేది. దాన్ని పట్టుకుని ఈదుకుంటూ చెరువు మధ్యకు లాక్కెళ్ళి, అక్కడ గొట్టంలోకి నీళ్ళు ఎక్కిస్తే మెల్లగా, ముసలావిడ నీళ్ళలోకి దిగినట్టు, దిగిపోయేది. ఒకసారి బావమరిది తెప్ప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని రాజాలా చేతులూపుతూ మునిగాడు. ఇంకోసారి, గొట్టానికి కట్టాల్సిన రాళ్ళు తక్కువ కట్టారు. నీళ్ళు నిండినా ప్లాస్టిక్ నీటికన్నా తేలికే కదా. పని అయిందని సంబరపడి వెళ్ళి పొద్దున్న వచ్చి చూస్తే, చెరువు మధ్యలో చుట్టలన్నీ పైకి తేలి, వాటి మీద బాతులు బారులు తీరి కూర్చుని ఉన్నాయి. ఇంటాయన ఒడ్డున నిలబడి, నేను ఇల్లు వెచ్చబడాలన్నాను గానీ బాతులకు అరుగు కట్టమన్నానా అన్నాడు. ఆ మాట ఇద్దరూ ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. పని ఎక్కడ కాస్త వంకరగా వచ్చినా, ఏంరా, బాతులకేనా అనేవాడు మేస్త్రీ.

తరువాత నేలలు చిన్నవయ్యాయి. ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడ్డాయి. పడకకు చోటున్న ఇల్లు ఏడాదికి ఒకటి దొరకడమే గగనమైంది. ఇద్దరూ తిప్పిన తవ్వే యంత్రాన్ని అమ్మేద్దామని, డ్రిల్లు కొందామని బావమరిది నెమ్మదిగానే చెప్పాడు. చాలాసార్లు చెప్పాడు. గోడకు కొట్టిన సున్నంలా మేస్త్రీ పలకలేదు. చివరికి ఒక రోజు నలుగురూ ఉన్నచోట బావమరిది నవ్వుతూనే, మా బావది పడక పని, మేలుకోమంటే మేలుకోడు అన్నాడు. నలుగురూ నవ్వారు. మేస్త్రీ మాత్రం, నేల విడిచి సాము చేసేవాడివి నువ్వు, నాకు చెప్పేవాడివా అని లేచి వచ్చేశాడు. తవ్వే యంత్రం అమ్ముడుపోయింది. వాడు డ్రిల్లు కొన్నాడు. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేదని ఆయనకు చాలాసార్లు అనిపించింది. ఎనిమిదేళ్ళు మాట్లాడకుండా ఉండటానికి ఆ ఒక్క నవ్వు చాలా చిన్నది. చిన్నదని ఒప్పుకుంటే ఎనిమిదేళ్ళూ దండగైనట్టే. అందుకే ఒప్పుకోలేదు.

బావమరిది వస్తానన్న రోజుకు ముందురోజు పొద్దున్నే మేస్త్రీ పలుగూ పారా భుజాన వేసుకుని కూతురింటికి వెళ్ళాడు. వాడొచ్చేలోగా ఒక కందకమైనా తవ్వి ఉంచాలని. కందకం కనబడితే పడకే ఖాయం. తవ్విన గొయ్యి ముందు ఎవడూ వాదించలేడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. పార చేతిలో ఉన్న మొండివాడి సంగతి ఇక చెప్పాలా?

అల్లుడు భయంభయంగా సాయం చేయబోతే, వద్దు బాబూ, నీ చేతులు అద్దాలకే ఉండనీ అన్నాడు. ఆ కుర్రాడు కాసేపు నిలబడి, మంచినీళ్ళ చెంబు గట్టున పెట్టి, ఊపిరి పీల్చుకుని పనికి పోయాడు.

పైన రెండు పారల మట్టి బాగానే వచ్చింది. నల్లగా, తడిగా, చేతిలో ఉండ కట్టేలా. మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. మూడో పారకు టంగుమంది. ఇటుక ముక్క. తీసి పారేశాడు. మళ్ళీ టంగు. పెంకు ముక్క, బూడిద, విరిగిన సిమెంటు దిమ్మ, పగిలిన వాష్‌బేసిన్ అంచు. పలుగు వేసి పెకలించుకుంటూ నడుము లోతుకు పోయాడు. అదే చెత్త. ఇంకో మూల తవ్వాడు. అక్కడా అదే. ఎప్పుడో ఏదో కట్టడం కూల్చి, ఆ రాళ్ళూ రప్పలూ ఇక్కడ పోసి, పైన కాస్త మంచి మట్టి చల్లి పెరడు అన్నారు. ముసలి మొహానికి పౌడరు రాసినట్టు.

మేస్త్రీ గోతి అంచున కూర్చున్నాడు. ఇటుక ముక్కల మధ్య నిండా గాలి. గాలిలో పడుకున్న గొట్టానికి నేల ఏమీ ఇవ్వదు. గొట్టం ఒళ్ళంతా తడిమట్టి అంటుకుని ఉండాలి, అప్పుడే వెచ్చదనం దిగుతుంది. చోటు చాలకపోతే దబాయించి సరిపెట్టొచ్చునేమో గానీ, ఈ చెత్తలో పడక అంటే ఎండిపోయిన ఆవు కింద చెంబు పెట్టి కూర్చోవడమే.

కూతురు టీ తెచ్చింది. గోతిలోకి తొంగి చూసింది. ఆమె కంటికి అది మట్టే.

"బాగా వస్తోందా నాన్నా?"

ఆయన టీ తాగాడు. వస్తోందమ్మా అన్నాడు. ఎవరికీ తెలియదు. పైన మంచి మట్టి కప్పేస్తే గచ్చులా కనబడుతుంది. చలి ముదిరేదాకా ఎవరికీ తెలియదు. అప్పుడు కూడా యంత్రం మంచిది కాదని అనుకుంటారు. కూతురు అల్లుడితో, నాన్న వేసిన పడకలో లోపం ఉండదని అంటుంది. అలా అంటుందన్న ఊహకే ఆయన తల కిందికి వాలింది.

వీధిలో లారీ ఆగిన చప్పుడైంది. రేపు రావలసినవాడు ఇవాళే వచ్చాడు. గేటు తీసుకుని బావమరిది లోపలికి వచ్చాడు. నూనూగు మీసాలు ఎప్పుడో పోయాయి, జుట్టు కూడా వాటి వెంటే పోయింది. గోతి దగ్గరకొచ్చి నిలబడి కిందకి చూశాడు. చూడగానే వాడికి అర్థమైందని మేస్త్రీకి అర్థమైంది. ఇక మొదలుపెడతాడు, ఎనిమిదేళ్ళ వడ్డీ కలిపి ఒక్క మాటలో తీర్చుకుంటాడు అని పళ్ళు బిగించి ఎదురుచూశాడు.

బావమరిది చొక్కా చేతులు పైకి మడిచి, గట్టున గొంతుక్కూర్చున్నాడు. ఇంట్లోకి వినబడకుండా గొంతు తగ్గించి అన్నాడు:

"బావా, చుట్టలు దగ్గరగా వేసి సర్దేద్దాం. నేనూ దిగుతాను, సాయంత్రానికి అయిపోతుంది. లారీ వెనక్కి పంపేస్తాను. అమ్మాయికి నీ పడకే కావాలి, నాకు తెలుసు. నేను ఎవరికీ చెప్పను."

మేస్త్రీ తల ఎత్తి వాడి మొహం చూశాడు. వాడు వెటకారంగా అనలేదు. ఎకసెక్కం ఎక్కడైనా కాస్త దొరికితే బాగుండునని వెతికాడు, దొరకలేదు. అప్పుడు వచ్చింది కోపం. ఎనిమిదేళ్ళలో రానంత కోపం వచ్చింది.

"సిగ్గులేదట్రా," అన్నాడు. "నీ మేనకోడలి ఇల్లురా ఇది. చలిలో చావమంటావా దాన్ని? ఇటుక ముక్కల్లో గొట్టం పడేసి మట్టి కప్పమంటావా? నా దగ్గర ఇన్నేళ్ళు నేర్చుకున్నది ఇదా?"

"నీ కోసమే అన్నాను బావా."

"నా కోసం దొంగపని చెయ్యకు."

ఆ మాట అన్నాక ఇక వెనక్కి తీసుకోవడానికి ఏమీ లేదు. మేస్త్రీ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. బట్టలు దులుపుకోకుండానే వంటగది గుమ్మం దగ్గరకు వెళ్ళాడు. కూతురు స్టవ్వు దగ్గర నుంచి తిరిగి చూసింది.

పెరట్లో నిలబడే చెప్పమంది కదా అని మళ్ళీ రెండడుగులు వెనక్కి వేసి, పెరట్లో నిలబడ్డాడు.

"నా పడక నీ ఇంటికి పనికిరాదమ్మా. చోటూ చాలదు, మట్టీ మంచిది కాదు. ఇందాక బాగా వస్తోందన్నాను, అది అబద్ధం. మీ మావయ్య చేత నిలువు వేయించుకో."

కూతురు గుమ్మం దిగి వచ్చింది. ఆయన భుజం మీది బూడిద దులిపింది. దులపడం అయ్యాక కూడా ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంచింది. తరువాత గట్టున కూర్చున్న మేనమామ వంక తిరిగి, మావయ్యా, అయితే ఆ గోతులు మాత్రం మీరే పూడ్చాలి అంది. బావమరిది, తవ్వినోడే పూడ్చాలి, అది రూలు అన్నాడు. ఆ మాటకు కూతురు నవ్వింది. మేస్త్రీకి నవ్వు రాలేదు గానీ, ఛాతీ మీద నుంచి ఏదో దిమ్మ ఎవరో పలుగేసి పెకలించినట్టనిపించింది.

చుట్టలు వేసి సర్దేద్దామని వాడు కావాలనే అన్నాడని, బావ సంగతి తెలిసి గుచ్చాడని ఆ తరువాత భార్య వాదించింది. కాదు, వాడు నిజంగానే అన్నాడని మేస్త్రీ అన్నాడు. ఎవరి మాట నిజమో బావమరిది ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు డ్రిల్లు పెరట్లోకి దూరడానికే పూట గడిచింది. పక్కింటి గోడ మీద ఉన్న పిల్లి దాన్ని చూసి వారం దాకా తిరిగి రాలేదు. బావమరిది దగ్గర పనిచేసే లావుపాటి మనిషికి నడుం పట్టేసిందట, లారీలోంచి దిగలేడట. బోరు దగ్గర ఒక మనిషి నిలబడకపోతే కుదరదు అన్నాడు బావమరిది, ఎటో చూస్తూ. మేస్త్రీ వెళ్ళి నిలబడ్డాడు. కాసేపటికి చూస్తే నడుం పట్టేసిన మనిషి లారీలోంచి ఒక్క గెంతున దిగి, టీ కొట్టు దాకా ఈలవేసుకుంటూ నడిచి వెళ్ళాడు. మేస్త్రీ చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు.

పైన చెత్త ఉంది కదా, అది కూలిపోకుండా ముందు ఇనుప గొట్టం దించారు. తరువాత డ్రిల్లు దిగింది. ఆ చప్పుడులో పక్కనున్నవాడి మాట కాదు, తన ఆలోచన తనకే వినబడదు. వీధి చివర కుక్కలు కూడా మొరగడం మానేశాయి. బావమరిది మీటల దగ్గర, మేస్త్రీ బోరు దగ్గర. మాట్లాడుకోవడానికి వీల్లేదు. చేతులు మాత్రం ఆడాయి. అరచెయ్యి కిందికి తిప్పితే నెమ్మది. పిడికిలి బిగిస్తే ఆపు. వేళ్ళు నలిపితే మట్టి మారింది. ఈ సైగలు పాత తవ్వే యంత్రం మీద ఇద్దరూ ఏర్పరుచుకున్నవే. వాడు మరిచిపోయి ఉంటాడనుకున్నాడు మేస్త్రీ. తన చెయ్యి ఇంకా పూర్తిగా తిరగకముందే అక్కడ యంత్రం నెమ్మదించింది.

బోరులోంచి బురద పైకి వస్తోంది. బూడిద పోయింది, పసుపు బంకమట్టి వచ్చింది. తరువాత నీలం ఛాయ ఉన్న మట్టి, నున్నగా, చల్లగా. అది చేతిలోకి తీసుకుని వేళ్ళతో రాసి చూశాడు. ఇన్నేళ్ళూ నేలలో బతికినవాడే, ఇలాంటి మట్టి ఎప్పుడూ చూడలేదు. తను తిరిగినదంతా నేల వాకిట్లోనేనేమో, ఇంటి లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదేమో అనిపించింది. అనిపించినందుకు కాస్త రోషం కూడా వచ్చింది. బావమరిదికి కనబడేలా వేళ్ళు నలిపాడు. వాడు తెలుసన్నట్టు తలూపాడు. ఆ తలూపడంలో కాస్త గర్వముంది. ఉండనీలే అనుకున్నాడు.

మధ్యలో ఒకసారి రాడ్డు మార్చడానికి యంత్రం ఆపాలి. ఆగితే నిశ్శబ్దం, నిశ్శబ్దంలో ఎవరో ఒకరు మాట్లాడాలి. బావమరిది ఇంజను ఆపకుండానే, అలా గురగురలాడుతూ ఉండనిచ్చి రాడ్డు మార్చాడు. ఇంధనం దండగ. మేస్త్రీ ఒక్కసారి కూడా ఆపమనలేదు.

మొదటి బోరు దిగాల్సినంత దిగాక మాత్రం ఆపక తప్పలేదు. ఇంజను ఆగింది. చెవుల్లో గుయ్యిమంటోంది. కిటికీలో కూతురూ, ఆమె వెనక ఎప్పుడు వచ్చిందో భార్యా. ఇద్దరు మగవాళ్ళూ బోరు నోటి వైపు చూస్తూ నిలబడ్డారు. దించాల్సిన గొట్టం పక్కనే చుట్ట చుట్టి ఉంది. రెండు గొట్టాలు జంటగా వెళ్ళి, అడుగున గుర్రపు లాడంలా వంపు తిరిగి మళ్ళీ పైకి వచ్చేలా. మేస్త్రీ వంగి, ఆ వంపు దగ్గరి అతుకును బొటనవేలితో తడిమి చూశాడు.

"ఈ అతుకు ఎవడేశాడ్రా?"

"నేనే వేశాను. ఏం?"

"పుట్టలో వేలు పెట్టి కుట్టించుకున్నట్టుంది, ఇలా వాచిపోయి. వేడి ఎక్కువ పెట్టావు."

"గట్టిదే బావా. లాగి చూడు, ఊడితే అడుగు."

"గట్టిదేలే. అందంగా లేదంటున్నాను. తక్కిన బోర్లకి అతుకులు నేనేస్తాను."

"ఎవడూ చూడని చోట అందమెందుకు?"

"నువ్వు చూస్తావుగా," అన్నాడు మేస్త్రీ.

బావమరిది నెత్తి గోక్కున్నాడు. గొట్టంలోకి నీళ్ళు నింపి, అడుగున బరువు కట్టి, వంపును బోరు నోట్లో పెట్టాడు. ఇద్దరూ చెరోపక్క నిలబడి చేతుల మీదుగా వదలడం మొదలుపెట్టారు. నల్లటి గొట్టం అరచేతుల్లోంచి జారుతూ చీకట్లోకి దిగుతోంది. పడక వేసేటప్పుడు పరిచిన ప్రతి మూరా కళ్ళముందే ఉండేది. ఇది కనబడదు. చేతికి బరువు మాత్రమే తెలుస్తుంది, కింద ఎవరో నెమ్మదిగా అందుకుంటున్నట్టు. మేస్త్రీకి మొదట అది నచ్చలేదు. సగం దిగేసరికి చేతులకు ఆ లాగుడు అలవాటైంది. పట్టుకోవలసినంత పట్టుకుని, వదలవలసినంత వదులుతున్నాడు.

చివరికి బరువు ఆగింది. అడుగు తగిలింది. పైన మిగిలిన గొట్టాన్ని మేకుకు కట్టేయాలి. బావమరిది తాడు తీసి ముడి బిగించాడు.

"వదులు బావా, కట్టేశాను."

"ఉండరా."

"కిందకి పోదు, కట్టేశానంటున్నాగా."

మేస్త్రీ గొట్టాన్ని రెండు చేతుల్తో పట్టుకునే ఉన్నాడు. ఎండకు దాని పై భాగం వేడిగా ఉంది. అక్కడి నుంచి కిందికి, చెయ్యి పోయినంత మేర, బోరు నోట్లోకి తడుముకుంటూ వెళ్ళాడు. వేడి తగ్గి, తగ్గి, ఒకచోట ఏమీ తెలియకుండా అయింది. చల్లగానూ లేదు, వెచ్చగానూ లేదు. చెయ్యి అక్కడే ఉంచుకుని, కిటికీ వైపు తిరిగి కూతుర్ని పిలిచాడు, వచ్చి చెయ్యి పెట్టి చూడమని.